బంగారు కొండల్లో బాట వేద్దాం

రామగిరి గనుల్లో పని ఆగిపోయింది. షాఫ్టులు, సైనైడు మట్టి దిబ్బలు, అంతకు ముందెప్పుడో తవ్విన పాత గుంతలు మాత్రం ఆ కొండల్లో ఉన్నాయి. వాటిని కాపాడి, వాటి మధ్య నడక దారి వేయడం కరువు సీమకు మనం బాకీపడ్డ పని.

అనంతపురం అనగానే తెలుగువారి మనసులో మెదిలేవి ఎండిన బోర్లు, పూత దశలోనే మాడిన వేరుశనగ, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి బెంగళూరు బస్సెక్కే కూలీలు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిగా దీనికి పేరుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పంటకు అదునుగా పడదు. ఈ మాటల్లో అబద్ధం లేదు. అయితే ఈ నేల గురించి చెప్పాల్సింది ఇంతటితో అయిపోదు. ధర్మవరానికి నైరుతి దిక్కున, ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన రామగిరి కొండల్లోంచి బంగారం బయటికి వెళ్ళింది. పేర్లు మిగలని పాతకాలపు మనుషులు తవ్వారు. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిషు కంపెనీలు తవ్వాయి. 1980లు, 90లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ తవ్వింది. మూడు కాలాల వాళ్ళూ తమకు కావాల్సింది తీసుకుని వెళ్ళిపోయారు. పేద నేలగా పేరుపడ్డ ఈ సీమ చరిత్రలో వాన లేమితో పాటు ఇక్కడి నుంచి తరలిపోయిన సంపద లెక్క కూడా ఉంది. ఆ లెక్క పుస్తకాల్లో కంటే కొండమీదే ఎక్కువ వివరంగా ఉంది.

అందుకే ఆ ఆనవాళ్ళను చట్టబద్ధంగా కాపాడాలి. ప్రమాదం ఉన్నచోట ముందు దాన్ని తొలగించాలి. ఆ తర్వాత గుట్టల మీదుగా, వంకల వెంట, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే నడిపే నడక దారి వేయాలి. రోప్‌వే, రిసార్టు, కొండ కొనదాకా తారు రోడ్డు ఈ ప్రతిపాదనలో లేవు. గొర్రెల కాపరులు తరాలుగా నడిచిన కాలిబాటలే దానికి ఆధారం. ఈ వరసలో మొదటి రెండు పనులు చేయకుండా మూడోది మొదలుపెట్టకూడదు. రామగిరి విషయంలో వచ్చే అభ్యంతరాలలో చాలావాటికి జవాబు ఈ వరసలోనే ఉంది.

పలుగురాళ్ళలో పసిడి

దారి వేయడానికి మొదటి కారణం రాయే. సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా, దానిమీద పేరుకున్న బురద, భూమి ఒత్తిడికి నలిగి పలకలు పలకలుగా మారాయి. చుట్టూ గ్రానైటు, నడుమ సన్నగా ఈ పలకరాళ్ళ పట్టీ. రామగిరి నుంచి ఉత్తరాన మిడ్ పెన్నార్ జలాశయం ఉన్న పెనకచెర్ల వైపు సాగుతుంది కాబట్టి భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని రామగిరి-పెనకచెర్ల పట్టీ అంటారు. భూమి లోతుల్లోంచి పైకెక్కిన వేడినీళ్ళు తమలో కరిగిన సిలికాను, బంగారాన్ని ఈ రాళ్ళ పగుళ్ళలో వదిలిపెట్టాయి. ఆ పగుళ్ళే నేడు తెల్లటి పలుగురాతి చారలు. కర్ణాటకలోని కోలారు, హట్టి, మన కుప్పం దగ్గరి చిగురుగుంట, కర్నూలు జిల్లా జొన్నగిరి గనులన్నీ ఇలాంటి పట్టీల్లోనే ఉన్నాయి. గుండ్రటి గ్రానైటు బండలు ఎక్కడ ఆగాయో, పలకరాయి ఎక్కడ మొదలైందో, దాన్ని చీల్చుకుని పలుగు చార ఎటు పోయిందో నడిచేవాళ్ళకు కాలికిందే తెలుస్తుంది. అద్దాల పెట్టెలో పెట్టిన రాతిముక్క ఈ సంబంధాన్ని చూపలేదు. తిరుమల శిలాతోరణాన్ని, మంగంపేట బెరైటీసు పొరలను, విశాఖ ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది కూడా అవి ఉన్నచోట ఉన్నట్టుగా చూడాల్సినవి కాబట్టే.

రెండో కారణం ఆ రాయిని మనిషి చదివిన తీరు. దక్కనులో బంగారం కోసం వచ్చిన కంపెనీ ఇంజనీర్లకు దారి చూపింది ఎక్కువగా పాత తవ్వకాలే. పలుగు చార వెంట వరసగా ఉన్న గుంతలు, ఖనిజాన్ని నూరిన రాతిరోళ్ళు ఎక్కడ కనిపిస్తే అక్కడ వాళ్ళు షాఫ్టు దించారు. ప్రాచీన భారతంలో బంగారు తవ్వకం ఎంత పాతదో, ఏ పద్ధతిలో సాగిందో పరిశీలించి పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1962లో రాసిన వ్యాసం ఈ రంగంలో నేటికీ ముఖ్యమైనది. రాతికి ఆనించి కట్టెలు పేర్చి మంటపెట్టడం, కాలి పెళుసెక్కిన రాతిని పగలగొట్టడం, రోళ్ళలో నూరడం, నీళ్ళలో కడిగి బరువైన రేణువులను వేరు చేయడం. ఇనుప పనిముట్లు, కట్టెలు, కండబలం తప్ప మరేమీ లేకుండానే హట్టిలో రెండు వేల ఏళ్ళ కిందట వందల అడుగుల లోతుకు దిగారు. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు చరిత్రకారులు అంటారు. ఆ వాదం ఎటు తేలినా ఒక సంగతి స్పష్టం. జొన్నగిరి పక్కనే ఎర్రగుడి బండలపై అశోకుడి శాసనాలు ఉన్నాయి. 1920ల చివర్లో అవి ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడ్డాయి. రాతి కోసం నడిచిన మనిషికి చరిత్ర దొరికింది.

కంపెనీ గని, సర్కారు గని

1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ యాజమాన్యంలో కోలారు గనులు లాభాల బాట పట్టాక, లండన్ పెట్టుబడి దక్కనులోని ప్రతి పాత గుంతవైపూ చూసింది. ఆ ఊపులోనే అనంతపురం బంగారు క్షేత్రం పేరుతో కంపెనీలు పుట్టాయి. రామగిరి దగ్గరి జిబుటిల్ గని వాటిలో బాగా పేరున్నది. 1910 నుంచి 1927 దాకా ఇక్కడ బంగారం తీశారు. ఖనిజం పలచబడి ఖర్చు పెరిగాక మూసేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కథ మళ్ళీ మొదలైంది. కోలారు గనులు 1956లో మైసూరు రాష్ట్రం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఆ సంస్థే రామగిరి క్షేత్రంలోని ఎప్పమాన గనిని, కుప్పం వైపు చిగురుగుంటను నడిపింది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. ఆ సంస్థ పతనంతో రామగిరి పని కూడా ముగిసింది.

ఈ రెండు దశలూ కొండమీద ఏం మిగిల్చాయో తెలియాలంటే చిన్న లెక్క చాలు. టన్ను రాతిలో 5 గ్రాముల బంగారం ఉందనుకుందాం. అలాంటి గనిలో ఒక టన్ను బంగారం కావాలంటే రెండు లక్షల టన్నుల రాయి పగలాలి. బంగారం పెట్టెల్లో పెట్టుకుని పోవచ్చు. పొడిచేసిన ఆ రెండు లక్షల టన్నులు మాత్రం ఊరి పక్కనే ఉండిపోతాయి. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కనిపెట్టిన, పొడిలోంచి బంగారాన్ని కరిగించి తీసే సైనైడు పద్ధతి వచ్చాక పలచటి ఖనిజం కూడా గిట్టుబాటైంది, దిబ్బలు ఇంకా పెరిగాయి. కోలారులో ఆ దిబ్బల్లో 3 కోట్ల టన్నులకు పైగా మట్టి ఉంది. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ సినిమా చూసిన మన ప్రేక్షకులకు ఆ బూడిదరంగు నేల పరిచయమే. కానీ తెరమీద అది వీరుడి కథకు రంగస్థలం. అసలు నేలమీద అది గాలి లేచినప్పుడల్లా ఇళ్ళలోకి చేరే దుమ్ము. రామగిరిలో దిబ్బలు అంతకంటే చిన్నవి, వాటి స్వభావం మాత్రం అదే. గనిలో పనిచేసిన వాళ్ళ ఊపిరితిత్తులకు, నీటి ఊటకు, చుట్టుపక్కల పొలాలకు ఏం జరిగిందన్న ప్రశ్న ఆ దిబ్బల దగ్గర నిలబడితే తప్ప తట్టదు. కాబట్టి దారి ఆ ప్రశ్నను తప్పించుకుని పోకూడదు.

కరంగహాకే నేర్పేది

పాత బంగారు గనుల్ని నడక దారిగా మార్చిన చోట్లలో న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని కరంగహాకే లోయ ముఖ్యమైనది. ఒహినెమూరి నది కోసిన ఇరుకు లోయ, చుట్టూ అడవి, కొండ గోడలో గని కార్మికులు తొలిచిన సొరంగాలు, వాటికి నదివైపు తెరిచిన కిటికీల్లాంటి రంధ్రాలు, ఖనిజం దంచిన మిల్లుల పునాదులు. సైనైడు పద్ధతిని గనిస్థాయిలో ప్రపంచంలో మొట్టమొదట వాడిన చోట్లలో ఇక్కడి క్రౌన్ గని ఒకటి, 1889లో. కొద్ది దూరంలోని విక్టోరియా మిల్లులో 200 ఉక్కు రోకళ్ళు రాతిని దంచేవి. గనులు పోయాయి, 1978లో రైలు కూడా పోయింది. కిలోమీటరుకు పైగా పొడవున్న రైలు సొరంగం, పాత పట్టాల దారి, మిల్లు శిథిలాలు నేడు నడిచేవాళ్ళకూ సైకిలు తొక్కేవాళ్ళకూ తెరిచి ఉన్నాయి. శిథిలాలను కొత్త భవనాలుగా మార్చలేదు. కూలిన గోడను కూలినట్టే ఉంచి, కూలకుండా ఆపి, పక్కన సంగతి రాసిపెట్టారు.

మనకు ఇంకా ముఖ్యమైన సంగతులు రెండున్నాయి. మొదటిది, ఆ నది చరిత్ర. 1895లో ప్రభుత్వమే ఒహినెమూరిని గని బురద వదిలే కాలువగా అధికారికంగా ప్రకటించింది. దిగువ రైతుల పొలాలు బురదలో మునిగాయి. ఆ లోయలో నడిచే మనిషి బంగారంతో పాటు ఈ అన్యాయాన్నీ తెలుసుకుంటాడు. రెండోది, అదే ప్రాంతంలోని టుయి గని. అక్కడ తీసింది సీసం, జింకు, రాగి. 1973లో గని మూతబడి కంపెనీ దివాలా తీసింది. విషపు మట్టి కొండవాలుమీద దశాబ్దాలు ఉండిపోయింది. చివరికి రెండు కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు పైగా ప్రజాధనం పోసి 2013 నాటికి శుభ్రం చేశారు. గని మీద లాభం వాటాదారులది, శుభ్రం చేసే ఖర్చు జనానిది అన్న పాఠం అక్కడికీ ఇక్కడికీ ఒకటే. ఆలస్యం చేసేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుందన్నది కూడా అంతే నిజం.

వానపడని సీమలో ఇది అవసరమా?

మొదటి అభ్యంతరం న్యాయమైనది. తాగడానికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళలో నడక దారులేమిటి? నీటికి పెట్టాల్సిన డబ్బులో ఒక్క రూపాయి కూడా దీనికి మళ్ళకూడదన్న మాట నిజం. అయితే ఈ దారికి కావాల్సింది ప్రధానంగా మనుషుల పని. రాళ్ళు పేర్చి అంచు కట్టడం, కోతపడ్డ చోట రాతి కట్టలు వేయడం, వాననీటిని బాట దాటించడం, ముళ్ళకంప తీయడం. ఇవి కొండవాలుమీద నేలకోతను ఆపి నీటిని నిలబెట్టే పనులు కూడా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైంది ఈ సీమలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కందకాలు, రాతి కట్టలు ఎలా వేయాలో ఇక్కడి కూలీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దారి ఆ పనికి ఒక అర్థాన్ని, తర్వాత కొద్దిపాటి ఆదాయాన్ని కలుపుతుంది. ఆదాయం గురించి అతిగా చెప్పకూడదు. నడక దారి వలసల్ని ఆపలేదు. పది ఇరవై కుటుంబాలకు ఏడాదిలో కొన్ని నెలలు దారి చూపేవారిగా, వంట చేసేవారిగా, కాపలాదారులుగా పని ఇస్తే అదే గొప్ప. దారి విలువను అంతకంటే పెద్ద అంకెలతో అమ్మజూపేవాళ్ళను నమ్మనవసరం లేదు.

రెండో అభ్యంతరం ప్రమాదం గురించి. మూత సరిగా లేని షాఫ్టులో పడితే ప్రాణం దక్కదు. సైనైడు కాలక్రమంలో ఎండకు, గాలికి చాలావరకు విరిగిపోతుంది. కానీ బంగారంతో తరచు కలిసి ఉండే ఆర్సెనిక్ ఖనిజాలు అలా పోవు. పొడిచేసిన రాతిలోంచి నీళ్ళలోకి మెల్లగా కరుగుతాయి. దీనికి జవాబు జనాన్ని అక్కడికి రావద్దనడం అవుతుందా? గొర్రెలు మేపేవాళ్ళు, కట్టెలకు వెళ్ళేవాళ్ళు, ఆడుకునే పిల్లలు ఆ చోటికి ఇప్పుడూ వెళుతున్నారు. అంటే ప్రమాదం పక్క ఊళ్ళకు ఇప్పటికే ఉంది. వదిలేసిన గని నోళ్ళకు కంచె కట్టి మూయాల్సిన బాధ్యతను గనుల భద్రత చట్టాలు, వాటికింది నిబంధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. దిబ్బల మట్టిని, పక్క బావుల నీటిని పరీక్షించి ఫలితాలను ఊళ్ళలో గోడమీద రాయాలి. షాఫ్టులకు ఇనుప జాలీలు బిగించాలి, గబ్బిలాలు వచ్చిపోయే సందుంచి. దిబ్బల వాలును సరిచేసి, గడ్డి పట్టించి, వాననీరు వాటి మీదుగా వంకలోకి పోకుండా మళ్ళించాలి. దారి దిబ్బ పక్కనుంచి పోవాలి తప్ప దానిమీదుగా పోకూడదు. పర్యాటకులు వస్తారనే కారణంతోనైనా ఈ పని జరిగితే మొదట బాగుపడేది ఊరివాళ్ళే.

మూడో అభ్యంతరం నేటి బంగారం ధర చూసినవాళ్ళది. మళ్ళీ తవ్వే అవకాశం ఉన్నచోట పాత శిథిలాలను పట్టుకు వేలాడటమెందుకు? 2022లో రామగిరి, బొక్సంపల్లి ప్రాంతాల బంగారు బ్లాకులను రాష్ట్రం వేలం జాబితాలో పెట్టింది. జొన్నగిరిలో ప్రైవేటు గని వచ్చింది. తవ్వకానికి నేను వ్యతిరేకిని కాను. చట్టానికి లోబడి, నీటికి, పొలాలకు హాని లేకుండా తవ్వితే ఊళ్ళకు ఉద్యోగాలు వస్తాయి. కానీ తవ్వకం, వారసత్వం ఒకదానికొకటి అడ్డమనుకోవడం తప్పు. కరంగహాకేకు దగ్గరలోనే ఉన్న వైహి ఊళ్ళో మార్తా గని 1952లో మూతబడి 1980ల చివర్లో ఓపెన్ కాస్టుగా మళ్ళీ తెరుచుకుంది. ఆ గోతి అంచు చుట్టూ నడక దారి ఉంది. 1904లో కట్టిన పంపు హౌసు కింద నేల కుంగుతుందని తెలిసి, 2006లో ఆ కాంక్రీటు భవనాన్ని మొత్తంగా దాదాపు 300 మీటర్లు జరిపి కాపాడారు. గని నడిచే ఊరే అంత చేయగలిగితే, మనం కనీసం కొత్త యంత్రాలు దిగేలోపు ఏ షాఫ్టు ఎక్కడుందో, ఏ గుంత ఎంత పాతదో కొలిచి, పటం గీసి, కాపాడాల్సిన వాటిని గని లీజు షరతుల్లో రాయించలేమా? ఒకసారి బుల్డోజరు పోయాక పాత గుంతకూ కొత్త గుంతకూ తేడా ఉండదు.

నాలుగో మాట కొండ ప్రేమికులది. దారి పేరుతో కొండకు మరో గాయం చేస్తారేమోనన్న భయం వాళ్ళది. ఆ భయానికి ఆధారం ఉంది. 1990ల నుంచి ఈ గుట్టలమీద గాలిమరలు లేచాయి. చెన్నేకొత్తపల్లి వైపు వాటికోసం కోసిన రోడ్లు గడ్డినేలను, వంకలను దెబ్బతీశాయన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అదే చోట ఆశకు ఆధారం కూడా ఉంది. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, ముష్టికోవెల వంటి ఊళ్ళతో కలిసి కల్పవల్లిలో వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడింది. నిప్పు పడకుండా చూసి, నరకనీయకుండా ఆపాక చెట్లు తిరిగి లేచాయి. కాపాడితే ఈ ఎండలోనూ అడవి వస్తుందని అది రుజువు చేసింది. రామగిరి దారి ఆ పద్ధతినే పాటించాలి. ఒకరి వెనక ఒకరు నడిచేంత వెడల్పు చాలు. బండ్లు కింది ఊళ్ళోనే ఆగాలి.

దారి ఎలా ఉండాలి

ఇక్కడి లోయలు ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవి కావు. అనంతపురంలో ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వంకల్లో కొంత తడి, గుట్టల్లో సీతాఫలం, బలుసు, తంగేడు, పాలకొడిశ, చండ్ర చెట్ల మధ్య నీడ ఉంటుంది. మార్చి తర్వాత రాయి కాలుతుంది, నిప్పు భయం, ఎలుగుబంట్ల దాహం పెరుగుతాయి. కాబట్టి దారి అయిదు నెలలే తెరిచి, తక్కిన ఏడాది కొండకు వదిలేయాలి. రోజుకు ఎంతమందిని పంపాలో వన సంరక్షణ సమితులు, పంచాయతీలు కూర్చుని తేల్చాలి. రుసుము వాళ్ళ ఖాతాలోకే చేరాలి. దారిలో మజిలీలు చరిత్ర వరసలోనే అమరాలి. గ్రానైటు పలకరాతిని కలిసేచోటు, పాత గుంతల వరస, కంపెనీ షాఫ్టు, సర్కారు గని, దాని దిబ్బ, చివరగా అడవి తిరిగి లేస్తున్న వాలు. ప్రతిచోటా తెలుగులో పలక ఉండాలి. గనిలో దిగిన కార్మికులు, ఖనిజం మోసిన ఆడవాళ్ళు ఇంకా ఊళ్ళలో ఉన్నప్పుడే వాళ్ళ మాటలు రికార్డు చేసి ఆ పలకలకు ఎక్కించాలి. ఏ ఇంజనీరు పేరు రాసినా, షాఫ్టు దిగిన మనిషి పని ఏమిటో, కూలి ఎంతో పక్కనే రాయాలి. అలా చేస్తే పరాయి పాలనను పొగిడే స్మారకమవుతుందన్న అనుమానానికి తావుండదు. శ్రమను, నష్టాన్ని, విద్యను ఒకేచోట నిజాయితీగా చూపడమే ఈ దారి పని.

జీవనాధారమైన నీటి ప్రాజెక్టులకు పట్టినట్టు దీనికి దశాబ్దాలు పట్టాల్సిన పనిలేదు. పురాతన కట్టడాల చట్టం కింద రక్షణ పొందడానికి సాధారణంగా కావాల్సిన వయసు నూరేళ్ళు. 1910లో మొదలైన కంపెనీ దశ ఆనవాళ్ళకు ఆ వయసు వచ్చేసింది. 1927లో ముగిసిన తవ్వకానికి 2027లో నూరేళ్ళు నిండుతాయి. వాటికంటే ఎంతో పాతవైన గుంతలకు ఎప్పుడో ఆ అర్హత ఉంది. ఇక కావాల్సింది నిర్ణయం. రాష్ట్ర పురావస్తు శాఖ, గనుల శాఖ, అటవీ శాఖ కలిసి ముందు సర్వే చేయాలి. మట్టి, నీటి పరీక్షల ఫలితాలను బయటపెట్టాలి. షాఫ్టులు మూయాలి. ఏవి కాపాడాలో రామగిరి గ్రామసభలో చదివి ఆమోదం తీసుకోవాలి. ఆపైనే మొదటి రాయి పేర్చాలి. ఈ పనులు చేయకపోతే మిగిలిన ఇనుము తుక్కుకు పోతుంది, గుంతలు పూడిపోతాయి, దిబ్బ మాత్రం గాలికి లేస్తూనే ఉంటుంది. ఈ సీమ తన బంగారాన్ని మూడుసార్లు ఇచ్చింది. ఆ ఇచ్చిన చరిత్రను భద్రంగా నిలుపుకునే హక్కు దానికి ఉంది. ఆ హక్కు నిలబెట్టడం ప్రభుత్వం చేయాల్సిన పని, చేసేదాకా అడగడం మన పని.